సన్మానం ఎవరికి: వంద శాతం ఫలితాలు తెచ్చిన మాస్టారికా, చదవడం నేర్పిన టీచరు గారికా?

కనిగిరి ప్రాంతపు పూర్వ విద్యార్థి

మాది కనిగిరి దగ్గర ఒక పల్లె. వానమీద ఆధారపడిన సేద్యం కావడంతో ఏటా కొన్ని కుటుంబాలు హైదరాబాదుకో బెంగళూరుకో భవన నిర్మాణ పనులకు వలస పోతుంటాయి. ఈ సెప్టెంబరు 5న గురుపూజోత్సవం నాడు పూర్వ విద్యార్థులమంతా కలిసి మాకు చదువు చెప్పినవారిలో ఒకరిని సన్మానించాలనుకున్నాం. అయితే ఎవరిని అన్నచోట రెండుగా చీలిపోయాం. కొందరు హైస్కూలు లెక్కల మాస్టారి పేరు చెబుతున్నారు. ఆయన పరీక్షలకు మూడు నెలల ముందు నుంచే తెల్లవారుజామున, రాత్రి స్టడీ అవర్లు పెట్టి, వరుసగా కొన్నేళ్లపాటు తన సబ్జెక్టులో ఒక్కరు కూడా ఫెయిల్ కాకుండా చూశారు. మరికొందరు ప్రాథమిక పాఠశాల టీచరు గారి పేరు చెబుతున్నారు. ఆవిడ చేతుల మీదుగా రెండో తరగతి దాటిన పిల్లలు వత్తులు, గుణింతాలు తడబడకుండా చదివేవారు, కానీ ఆ పని ఏ ఫలితాల పట్టికలోనూ కనిపించదు. మంచి ఉపాధ్యాయుణ్ణి దేనితో కొలవాలో అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

ఒంగోలు నుంచి ఒక తండ్రి

నా ఓటు లెక్కల మాస్టారికే. మా నాన్నగారు బేల్దారి మేస్త్రి. మా వంశంలో పదో తరగతి దాటిన మొదటివాణ్ణి నేను. వందకు 35 మార్కులనే గీత చదువుకున్న ఇళ్లలో చిన్నదిగా కనిపించవచ్చు గానీ, ఆ గీత దాటని మా ఈడు పిల్లలు ఆ వేసవిలోనే సిమెంటు తట్టలు ఎత్తుకున్నారు, మళ్లీ బడి ముఖం చూడలేదు. ఈనాటికీ ఇంటరులో చేరాలన్నా, పది మార్కుల ఆధారంగా సీట్లిచ్చే ట్రిపుల్ ఐటీలో అడుగు పెట్టాలన్నా అదే ద్వారం. పేదవాడి బిడ్డను ఆ ద్వారం దాటించిన మనిషి కంటే గొప్ప ఉపాధ్యాయుడు ఎవరుంటారు? ఫలితాలను కొలమానంగా పెట్టుకోవడం తప్పని సభల్లో మాట్లాడేవారు తమ పిల్లలను చేర్పించేటప్పుడు మాత్రం ఆ ఫలితాల బోర్డు చూసే చేర్పిస్తున్నారు.

కోవూరు నుంచి విశ్రాంత ఉపాధ్యాయిని

ఒంగోలు మిత్రులు చెప్పిన ద్వారం నిజమైనదే. దాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కానీ ఆ ద్వారం దాకా నడిచిరాలేక మధ్యలో ఆగిపోయిన పిల్లలు పదో తరగతి ఉత్తీర్ణతా శాతంలో లెక్కకే రారు. నేను దాదాపు ముప్పై ఏళ్లు ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం యానాదుల కాలనీ పిల్లలు వచ్చే బడులలోనే గడిచింది. ఉపాధ్యాయునికి ఉండవలసిన మొదటి లక్షణం ఏమిటని నన్నడిగితే, ప్రతి పిల్లవాడూ ఏ మెట్టు దగ్గర ఆగాడో ఆ రోజుకారోజు తెలుసుకొని ఉండడమే అంటాను.

దీనికి నా తప్పునే ఉదాహరణగా చెబుతాను. మూడో తరగతిలో ఒక అబ్బాయి 52లోంచి 18 తీసివేయమంటే 46 అని వేసేవాడు. అజాగ్రత్త అనుకొని చాలా రోజులు ఎర్రసిరాతో కొట్టివేసి 34 అని దిద్ది పుస్తకం ఇచ్చేశాను. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకొని, ఎలా చేశావో నోటితో చెప్పమన్నాను. "పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి గదా టీచర్, ఎనిమిదిలో రెండు పోతే ఆరు, అయిదులో ఒకటి పోతే నాలుగు" అన్నాడు. ఆ సూత్రం వాడికి చెప్పింది నేనే! రెండో తరగతిలో ఒంటి అంకెల తీసివేతలు నేర్పినప్పుడు తొందరలో ఆ మాట అన్నాను, వాడు దాన్ని నమ్మకంగా పట్టుకున్నాడు. మర్నాడు చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి తెచ్చి, ఒక కట్ట విప్పితేనే రెండు పన్నెండవుతుందని చేతితో చేయించాను. వారం తిరిగేసరికి వాడే పక్కవాడికి చెబుతున్నాడు. నేను దిద్దిన ఎర్రసిరా వాడికేమీ నేర్పలేదు. వాడి ఆలోచన వినడానికి నేను వెచ్చించిన అయిదు నిమిషాలు నేర్పాయి.

పిల్లల బతుకుకు పాఠం తగలడం రెండో సంగతి. మన నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో జరిగిన అక్షరదీపం అనే అక్షరాస్యతా ఉద్యమం పెద్దలకు సంబంధించినదే అయినా, బడి పంతుళ్లందరూ దాని నుంచి నేర్చుకోవలసింది ఉందని నమ్ముతాను. సాయంత్రపు కేంద్రాలలో అక్షరాలు దిద్దిన మహిళలు వాచకంలో సారా వల్ల చితికిన సంసారం గురించి చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తించారు. 1992లో కలిగిరి మండలం దూబగుంట మహిళలు ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాపై నిషేధం వచ్చింది. ఆ కేంద్రాలలో చదువు చెప్పిన స్వచ్ఛంద కార్యకర్తలలో చాలామందికి ఉపాధ్యాయ శిక్షణ లేదు. అయినా ఆ పాఠం పనిచేసింది. ఎండ్రకాయలు పట్టడంలో తండ్రికి సాయపడే పిల్లవాడికి ఎండ్రకాయ కాళ్లతో పదో ఎక్కం మొదలుపెడితే వాడి కళ్లు ఎలా వెలుగుతాయో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

నా మాట టీచరు గారివైపే. లెక్కల మాస్టారు రాత్రి పూట చదివించగలిగారంటే, ఆ పిల్లలకు చదవడం అప్పటికే ఎవరో నేర్పి ఉన్నారు.

ఆత్మకూరు డివిజన్‌లో పనిచేస్తున్న ఎస్జీటీ

మేడమ్ గారికి నమస్కారం. మీరు చెప్పినది అక్షరాలా నిజం, కానీ ఆ అయిదు నిమిషాలు నాకెక్కడివి? మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకే గదిలో అయిదు తరగతులు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే అయిదో తరగతికి భిన్నాలు ఆగిపోతాయి. మధ్యలో హాజరు, మధ్యాహ్న భోజనం, గుడ్ల లెక్కలు యాప్‌లోకి ఎక్కించాలి, అదీ సిగ్నలు దొరికినప్పుడు. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. మంచి ఉపాధ్యాయుడంటే త్యాగమూర్తి అని మాత్రమే చెప్పుకుంటూ పోతే, పని చేయగల పరిస్థితిని కల్పించవలసినవారు తప్పించుకుంటారు. పూర్వ విద్యార్థులు శాలువాతో పాటు, మీ ఊరి బడిలో రెండో పోస్టు ఖాళీగా ఉందేమో కూడా విచారించండి.

ఒంగోలు నుంచి ఒక తండ్రి

మేడమ్ గారి తీసివేతల ఉదాహరణ నన్ను ఆలోచనలో పడేసింది, ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట. మా మాస్టారు బెత్తం పట్టేవారు. ఆ భయం లేకపోతే నేను పుస్తకం ముట్టేవాణ్ణి కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయనే గుర్తున్నారు. ఇప్పుడు గట్టిగా మందలించినా తప్పే అంటున్నారు. కాఠిన్యం లేకుండా చదువు వస్తుందా?

కోవూరు నుంచి విశ్రాంత ఉపాధ్యాయిని

నాయనా, కాఠిన్యం వేరు, దెబ్బ వేరు. ఇంటిపని తేకపోతే బడి వదిలాక కూర్చోబెట్టి చేయించి మరీ పంపేదాన్ని, ఆ విషయంలో ఎవరినీ వదల్లేదు. శారీరక శిక్షను, మానసిక వేధింపును విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. చట్టం మాట అటుంచినా, నా కారణం ఒకటుంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను కూడా బెత్తం పట్టాను. అప్పట్లో బడిలో అందరివీ మార్కాపురం పలకలే. నేను వరుసలో నడిచి వస్తుంటే, నేను చేరేలోగా కొందరు పిల్లలు అరచేత్తో పలక తుడిచేసేవారు. తుడిచిన పలకలు చూసి, వీళ్లు రాయలేదని మళ్లీ కొట్టేదాన్ని. నిజానికి వాళ్లు రాశారు, తప్పుగా రాశామేమోనని చెరిపేసుకున్నారు. తప్పు నా కంటపడితేనే కదా, అది ఎక్కడ పుట్టిందో నేను వెతకగలిగేది? మీరు దెబ్బలు తట్టుకొని నిలబడ్డారు, సంతోషం. మీ పక్కన కూర్చొని, ఆ భయానికే బడి మానేసినవాడు ఈ చర్చలో లేడు.

కనిగిరి ప్రాంతపు పూర్వ విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. ఆత్మకూరు మాస్టారు అడిగినట్లు విచారించాను. టీచరు గారు పదవీ విరమణ చేశాక ఆ పోస్టు భర్తీ కాలేదు, ప్రస్తుతం ఒక్కరే అయిదు తరగతులూ చూస్తున్నారు. ఆదివారం సమావేశంలో నేను టీచరు గారి పేరే ప్రతిపాదిస్తాను. ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ఇవ్వవలసిన అర్జీ కూడా రాసి తీసుకువెళ్తున్నాను. మొదటి సంతకం లెక్కల మాస్టారిని అడుగుతాను.