‘సముద్రపు దొంగలు’ అన్న మాట హౌతీలకు వాడవచ్చా?

ప్రశ్న: ఎర్రసముద్రంలో సరకు ఓడల మీద యెమెన్‌లోని సాయుధ వర్గం హౌతీలు చేసిన దాడుల గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. వాళ్లను ‘సముద్రపు దొంగలు’ అనవచ్చాండీ?

జవాబు: వద్దండి. ఆ మాట తేలిగ్గా నోటికొస్తుంది గానీ విషయాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలో 101వ అధికరణం పైరసీ, అంటే సముద్రపు దోపిడీ, ఏమిటో చెబుతుంది. సొంత ప్రయోజనం కోసం, ఏ దేశపు ప్రాదేశిక జలాలకూ చెందని చోట, ఒక ఓడలోని వాళ్లు ఇంకో ఓడ మీద పడి చేసే దౌర్జన్యం అది. అలాంటి వాళ్లను ఏ దేశపు నౌకాదళమైనా పట్టుకోవచ్చు. 2024 మార్చిలో మన నౌకాదళం ‘రూయెన్’ ఓడలో 17 మంది సిబ్బందిని విడిపించి, లొంగిపోయిన 35 మంది సోమాలీలను ముంబయికి తెచ్చి పోలీసులకు అప్పగించింది. అది దొంగలను పట్టుకోవడమే.

హౌతీలు 2023 నవంబరు 19న ‘గెలాక్సీ లీడర్’ అనే ఓడ మీద హెలికాప్టర్‌లోంచి దిగారు. ఆ తర్వాత ఎక్కువగా నేల మీంచి క్షిపణులు, డ్రోన్లు వేశారు. గాజా యుద్ధాన్ని కారణంగా చూపారు. వాళ్లను దొంగలనేస్తే అసలు రాజకీయమంతా మాయమవుతుంది. అమెరికా కూటమి 2023 డిసెంబరులో రంగంలోకి దిగితే, ఐరోపా సమాఖ్య 2024 ఫిబ్రవరిలో ‘ఆస్పిడెస్’ పేరుతో వేరుగా వచ్చింది. అమెరికాలా యెమెన్ నేల మీద దాడులు చేయం, ఓడలకు కాపలా మాత్రం కాస్తాం అన్నది ఐరోపా వాళ్ల పద్ధతి. ఈ తేడా ఎందుకొచ్చిందో ‘దొంగలు’ అన్న మాటతో చెప్పలేం.

ఓడ లోపలి నుంచి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. సోమాలీల భయం ఉన్న దారిలో రెయిలింగుకు ముళ్లతీగ చుడతారు, నీళ్ల గొట్టాలు సిద్ధంగా పెడతారు. దొంగలు ఎక్కేస్తే సిబ్బందంతా ‘సిటడెల్’ అనే గట్టి గదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకుంటారు. క్షిపణి దగ్గర ఆ గడియ ఏం చేస్తుంది? 2024 మార్చి 6న ‘ట్రూ కాన్ఫిడెన్స్’ మీద పడిన క్షిపణికి ముగ్గురు నావికులు చనిపోయారు. మన ఐఎన్ఎస్ కోల్‌కతా 21 మందిని కాపాడింది. వాళ్ల గురించి రాసేటప్పుడు మాట సరిగ్గా ఉండాలనే నా పట్టుదల.

‘హౌతీలు సరకు ఓడలపై దాడి చేశారు’ అని రాయండి, చాలు.

ఇంకొకరు: దొంగ చాటుగా వస్తాడు కదా, తుపాకులతో వచ్చే సోమాలీలకు మాత్రం ఆ మాట నప్పుతుందా?

జవాబు: మంచి ప్రశ్న. అర్థంలో ‘బందిపోటు’ దగ్గరగా ఉంటుంది. కానీ ‘సముద్రపు దొంగ’ వాడుకలో స్థిరపడిపోయింది, దాన్ని కదపక్కర్లేదు.

ఈ సందర్భంలో 1244 నాటి మోటుపల్లి రేవు అభయశాసనం గుర్తొస్తోంది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరకును వెనకటి రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప ఏదీ ముట్టబోమని కాకతి గణపతిదేవుడు అందులో చెప్పాడు. ఆ రాజులను మన చరిత్ర పుస్తకాలు దొంగలనలేదు. సముద్రం మీద తెగించి వచ్చే వర్తకులకు ఆయన ఇచ్చిన మాట ‘అభయం’. ‘నౌకాయాన భద్రత’ అని మనం పొడుగ్గా రాస్తున్న చోట ఈ మాట ఒకసారి పెట్టి చూడండి.