పీలేకి మెస్సీ సరిఉజ్జీయా?

నిన్న ఇక్కడ ఫుట్‌బాల్ ఆటగాళ్ల గురించి "పీలేకి సరిఉజ్జీ మెస్సీ ఒక్కడే" అన్న వాక్యం మీద పెద్ద వాదనే జరిగింది. ఎవరు గొప్ప అన్నది అలా ఉంచండి, నేను ఆ "ఉజ్జీ" దగ్గరే ఆగిపోయాను. ఆ మాట అక్కడ పొసగదండీ.

చిన్నప్పుడు చెడుగుడుకి జట్లు ఎలా పంచుకునేవాళ్లమో గుర్తు తెచ్చుకోండి. నాయకులిద్దరూ నిలబడితే, మిగతావాళ్లం ఒడ్డూ పొడుగూ సరిపోయినవాణ్ణి చూసుకుని, భుజాల మీద చేతులేసుకుని దూరంగా పోయేవాళ్లం. చెవిలో నోరు పెట్టి ఒకడు చందమామ, ఇంకొకడు సూర్యుడు అని పేర్లు పెట్టుకుని తిరిగొచ్చి, "నీకు చందమామ కావాలా, సూర్యుడు కావాలా?" అని నాయకుణ్ణి అడిగేవాళ్లం. ఆ జంటే ఉజ్జీ. మా పెద్దవాళ్లు ఉద్ది అనేవారు. ఉజ్జీ కుదిరిందంటే ఇద్దరూ ఆ పూటే, ఆ మట్టిలోనే ఎదురెదురుగా దిగుతారని అర్థం.

పీలే ఆడిన మట్టి వేరు. 1966 ప్రపంచ కప్‌లో పోర్చుగల్ వాళ్లు కాళ్ల మీద కొట్టి కొట్టి కూలదోస్తే, కుంటుతూనే మైదానంలో ఉండిపోయాడు. బదులుగా ఇంకొకణ్ణి దింపే వీలు ప్రపంచ కప్‌లో 1970 దాకా లేదు. హెచ్చరించే ఎల్లో కార్డు, బయటికి పంపే రెడ్ కార్డు వచ్చిందీ ఆ ఏడాదే. మెస్సీ ఆటలోకి వచ్చేసరికి వెనకనుంచి కాలు విరిగేలా తన్నినవాడు నేరుగా బయటికి పోవాల్సిందే. ఈ ఇద్దర్నీ ఏ నాయకుడి ముందు నిలబెట్టి చందమామా, సూర్యుడా అని అడుగుతాం?

నిజమైన ఉజ్జీ చూడాలంటే మన సికింద్రాబాద్ నుంచే మొదలుపెట్టొచ్చు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కి ఆడితే, చునీ గోస్వామి మోహన్ బగాన్‌కి ఆడాడు. క్లబ్బుల్లో ఎదురెదురు, దేశానికి ఒకే జట్టు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇద్దరూ కలిసి స్వర్ణం తెచ్చారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టిన ఆ బలరాంని ఇప్పుడు మన కాలపు ఆటగాడు సునీల్ ఛేత్రి గోల్స్ లెక్కలతో తూచేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

"సాటి" కూడా ఇలాంటిదే. సాటి మనిషి, సాటి ఆటగాడు అంటే తోటివాడు. "వాడికి సాటి లేదు" అంటే సమానుడు లేడని. తోటివాడూ సమానుడూ ఒకే మాటలో ఉన్నారు చూశారా! అందుకే 1986 ప్రపంచ కప్‌లో అయిదు గోల్స్ వేసి, ఇంకో అయిదు వేయించిన మారడోనాని "సాటిలేని" అంటే నాకు ఏ అభ్యంతరం లేదు. అది ఆనాటి తోటివాళ్లలో మాట. అన్ని కాలాలకీ కలిపి అంటేనే చిక్కు. "నభూతో నభవిష్యతి" ఇంకా దూరం పోయింది, రాబోయే వాళ్లని కూడా ముందే ఓడించేస్తుంది.

నన్నడిగితే "మేటి" వాడండి. దానికి ఎదుటివాడు అక్కర్లేదు. పీలే మేటి, మారడోనా మేటి, మెస్సీ మేటి. మూడు వాక్యాలూ ఒకదాన్నొకటి కొట్టెయ్యవు.

ఇంతకీ మీ వైపు ఉద్ది అంటారా, ఉజ్జీ అంటారా? చందమామ, సూర్యుడు కాక ఇంకేం పేర్లు పెట్టుకునేవారు?