చంద్రుడికి నేరుగా వెళ్లాలా, పార్కింగ్ ఆర్బిట్‌లో ఆగాలా?

వెన్నెల_దారి:
రెండు వారాలుగా సిమ్యులేటర్‌లో మనుషులున్న నౌకను చంద్రుడికి పంపాలని చూస్తున్నాను. పార్కింగ్ ఆర్బిట్‌లో, అంటే భూమి చుట్టూ తాత్కాలికంగా తిరిగే కక్ష్యలో, ఆగకుండా నేరుగా పంపితే ఇంజన్‌ని మళ్లీ వెలిగించే పని ఉండదనుకున్నా. కానీ లాంచ్ కాస్త ఆలస్యమైతే చాలు, చంద్రుడు అందడం లేదు. నాసా అపోలో యాత్రల్లో ఏం చేశారు?

తోకచుక్క_72:
నాకూ ఇదే అయింది. నౌకను చంద్రుడి వైపు తోసే బర్న్ (ఇంజన్‌ని వెలిగించడం), నౌక చంద్రుణ్ణి కలిసే చోటు భూమికి ఏ వైపు ఉంటుందో దాదాపు దానికి వ్యతిరేక వైపున జరగాలి. నేరుగా వెళ్తే ఆ బిందువు లాంచ్ ప్యాడ్‌కి అందుబాటులో ఉండి తీరాలి. భూమి తిరుగుతుంటుంది కాబట్టి నిమిషాల్లో చేజారిపోతుంది. కక్ష్యలో ఉంటే అది వచ్చేదాకా తిరగొచ్చు. 1972లో అపోలో 17 రెండు గంటల 40 నిమిషాలు లేటైనా ఆ రాత్రే బయలుదేరగలిగింది.

గగన_గణితం:
లాంచ్ విండో (బయలుదేరడానికి వీలైన సమయం) సంగతి సరే, మనుషులు ఎక్కినప్పుడు అంతకన్నా పెద్ద విషయం చెకింగ్‌కి దొరికే టైం. 1969 నవంబర్ 14న అపోలో 12 లేచిన నిమిషంలోపే రెండుసార్లు పిడుగు పడింది. ఫ్యూయల్ సెల్స్ కరెంటు ఆగిపోయింది, నౌక ఎటు తిరిగి ఉందో చెప్పే నావిగేషన్ ప్లాట్‌ఫారం దిశ తప్పింది. 185 కి.మీ. ఎత్తున తిరుగుతూ, భూమి నీడలో నక్షత్రాలను గురి చూసుకుని దాన్ని మళ్లీ సరిచేశారు. మిగతా సిస్టమ్స్ కూడా చూసుకున్నాకే హ్యూస్టన్‌లోని కంట్రోల్ సెంటర్ చంద్రుడి వైపు వెళ్లడానికి సరేనంది. నేరుగా వెళ్లుంటే ఇదంతా భూమికి దూరమైపోతూ చేయాల్సి వచ్చేది. తలుచుకుంటే నాకిప్పటికీ టెన్షనే.

ఇంజన్_ప్రియ:
రీస్టార్ట్‌ని తేలిగ్గా తీసుకోకండి. 1968 ఏప్రిల్‌లో, మనుషులు లేని అపోలో 6 రాకెట్ మూడో దశ ఇంజన్ కక్ష్యలో మళ్లీ వెలగలేదు. ఇంజన్‌ని అంటించే ఇగ్నైటర్‌కి హైడ్రోజన్ తీసుకెళ్లే సన్న గొట్టం అదురుకి తెగింది. నేల మీది పరీక్షల్లో చలికి దాని చుట్టూ గాలిలోంచి గడ్డకట్టిన పొర ఆ అదురుని అణిచేసేది. శూన్యంలో ఆ పొర ఎక్కడిది? పైగా ఇంధనమైన ద్రవ హైడ్రోజన్ ఆవిరవుతూనే ఉంటుంది, ఎక్కువసేపు ఆగలేం. అపోలోకి ఆ బర్న్ చేయడానికి రెండో చుట్టులో ఒక అవకాశం, తప్పితే మూడో చుట్టులో ఇంకొకటి, అంతే.

గగన_గణితం:
ఒప్పుకుంటాను. కానీ కక్ష్యలో ఇంజన్ వెలగకపోతే సిబ్బంది భూమి పక్కనే ఉంటారు, దిగి వచ్చేయొచ్చు. నేను మాత్రం ఆగే వైపే.

వెన్నెల_దారి:
రాత్రి కావాలనే గంట లేటుగా ఎగరేశాను. రెండో చుట్టులో దాదాపు ఆరు నిమిషాల బర్న్, చంద్రుడు అందాడు! బర్న్‌కి ముందు మీరు ఏమేం చెక్ చేస్తారో రాయండి, నా లిస్టులో కలుపుకుంటాను.