రూ.1,500 లోపు పాటలకు తగిన ఇయర్‌ఫోన్లు ఏవి?

ప్రశ్న (కావలి)
ఉద్యోగరీత్యా నేను రోజూ కావలి నుంచి నెల్లూరుకు రైల్లో వెళ్లి వస్తుంటాను. దారిలో ఘంటసాల, బాలు గార్ల పాత పాటలు, అప్పుడప్పుడు షేక్ చినమౌలానా గారి నాదస్వరం వింటాను. నా ఫోనుకు టైప్-సి తప్ప 3.5 మి.మీ. జాక్ లేదు. అంగట్లో అడిగితే నాలుగు డ్రైవర్లున్నవని, బేస్ ఎక్కువ వచ్చేవని ఏవేవో చూపిస్తున్నారు. ఈ ధరలో తీగ ఉన్నవి మేలా, బ్లూటూత్‌వి మేలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు)
సంగీతమే ముఖ్యమైతే తీగ ఉన్నవే తీసుకోండి. బ్లూటూత్ జతలో బ్యాటరీలకు, చిప్‌కు, ఛార్జింగ్ పెట్టెకు కూడా అదే సొమ్ములోంచి ఖర్చు పెట్టాలి. పైగా ఆ చిన్న బ్యాటరీలు కొన్నేళ్లకు నీరసిస్తే మార్చడం దాదాపు కుదరదు. డ్రైవర్ల, అంటే లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్ల, లెక్కను పట్టించుకోకండి. చక్కగా ట్యూన్ చేసిన ఒక్క డైనమిక్ (మామూలు స్పీకరు తరహా) డ్రైవరు చాలు.

చినమౌలానా గారు పుట్టిన కరవది మాకు దగ్గరే కాబట్టి, ఆ పేరు చూసి ఇంకాస్త రాస్తున్నాను. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలను అన్నిటికన్నా తేలిగ్గా పట్టుకుంటుంది, నాదస్వరం ధాటి కూడా చాలావరకు ఆ మేరలోనే వినిపిస్తుంది. అక్కడ అతిగా పెంచిన ఇయర్‌ఫోన్లలో పై స్థాయి స్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి. ట్రెబుల్ (సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు) మరీ పెంచినవాటిలో పాత రికార్డుల బుస ముందుకొస్తుంది, బేస్ పెంచినవాటిలో ఘంటసాల గారి గొంతు మసకబారుతుంది. అందుకే అంగట్లో వాళ్లు పెట్టే కొత్త పాటతో కాకుండా మీకు కంఠతా వచ్చిన పాటతో విని చూడండి. మూన్‌డ్రాప్ చూ 2 అనే తీగ ఇయర్‌ఫోన్లను కూడా పరిశీలించండి. దాని తీగ విడదీయవచ్చు కనుక తెగితే తీగ ఒక్కటే మార్చుకోవచ్చు. ధర మాత్రం మీ హద్దు కాస్త దాటవచ్చు.

జవాబు 2 (నెల్లూరు)
పై మిత్రుని మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, రైలు సంగతిని ఆయన వదిలేశారు. పెట్టెలో కిటికీలు తెరిచి ఉంటే ఆ రొదకు మనకు తెలియకుండానే వాల్యూమ్ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు 80 డెసిబెళ్ల వద్ద వారానికి 40 గంటలు. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగితే ఆ సమయం సగమవుతుంది. కాబట్టి బయటి చప్పుడును ఆపే రబ్బరు టిప్‌లే అసలు కీలకం. ఇయర్‌ఫోన్లతో ఇచ్చిన మూడు సైజులూ పెట్టి చూడండి. రెండు చెవులకు వేర్వేరు సైజులు పట్టడం కూడా మామూలే. టిప్ వదులైతే బయటి రొద లోపలికి రావడమే కాక బేస్ కూడా జారిపోతుంది, అప్పుడు ఎంత మంచి జత అయినా పలచగానే వినిపిస్తుంది. తీగను చెవి పైనుంచి వెనక్కు తిప్పి వేసుకునే రకమైతే, అది చొక్కాకు రాసుకునే చప్పుడు తగ్గుతుంది.

జవాబు 3 (కందుకూరు)
జాక్ లేదన్నారు కనుక టైప్-సి అడాప్టరు గురించి ఒక జాగ్రత్త. లోపల డాక్ చిప్ (ఫోనులోని డిజిటల్ సంకేతాన్ని ఇయర్‌ఫోన్లకు కావలసిన అనలాగ్ శబ్ద సంకేతంగా మార్చేది) లేని చవక అడాప్టర్లు, టైప్-సి గుండా అనలాగ్ శబ్దాన్ని పంపగల ఫోన్లలోనే పనిచేస్తాయి. డాక్ ఉన్నదే అడిగి తీసుకోండి, దాని ఖర్చును కూడా మీ రూ.1,500 లోనే లెక్కవేసుకోండి. లేకుంటే టైప్-సి పిన్నుతోనే వచ్చే ఇయర్‌ఫోన్లు కూడా ఉన్నాయి, కానీ వాటిని జాక్ ఉన్న పాత రేడియోకో కంప్యూటరుకో పెట్టుకోలేరు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలండీ. తీగ ఉన్నవే చూస్తాను. చెవిలో పెట్టుకునే వస్తువు కదా, పెట్టె తెరిచాక టిప్‌లు సరిపోకపోతే వెనక్కు తీసుకుంటారో లేదో కొనేముందే అడుగుతాను.