ట్రాఫిక్‌లో ఆగితే హీట్ ఎక్కుతోంది, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. ఎక్కడ చూడాలి?

బెజవాడ పాతబండి:

అందరికీ నమస్కారం. మాది 2007 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొన్న మొదటి కారు. ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం పొద్దున్నే బానెట్ తెరిచి నీళ్లు, ఆయిలు చూసుకునేవారు, ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను. అమ్మేయమని చాలామంది చెప్పారు, అమ్మను.

సమస్య ఇది. బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటి ఎర్ర గీత వైపు వెళ్లిపోతుంది. బండి కదిలి నాలుగో గేరు పడ్డాక రెండు మూడు నిమిషాల్లో మళ్లీ మామూలు చోటుకి వచ్చేస్తుంది. మొన్న మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి వచ్చాను, హైవే మీద ముల్లు అసలు కదల్లేదు. ఇంకొకటి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీ గాలి వేడిగా వస్తుంది, కదిలితే మళ్లీ చల్లబడుతుంది. ఫ్యాన్ కొన్నిసార్లు తిరుగుతూ కనిపిస్తుంది, కొన్నిసార్లు బండి కాలిపోతున్నా కదలదు.

మొదటి మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపేది) తీసేసి అది లేకుండానే బిగించాడు, తేడా లేదు. తర్వాత రేడియేటర్ మార్చాలి అన్నాడు. రెండో ఆయన బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కి డైరెక్ట్ కరెంట్ ఇచ్చి చూపించాడు, గిర్రున తిరిగింది. మోటారు బాగుంది కాబట్టి వైరింగ్ తేడా అయ్యుంటుంది, వెతకడం కష్టం, డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ పెట్టి డైరెక్ట్ చేసేస్తానన్నాడు. రెండు వారాల్లో అమ్మని శ్రీశైలం తీసుకెళ్లాలి, దోర్నాల దాటాక ఘాట్ ఉంది, అందుకే టెన్షన్‌గా ఉంది. రేడియేటర్‌కి డబ్బు పెట్టాలా, స్విచ్ పెట్టించుకోవాలా, అసలు ఏది పోయిందో ఇంట్లో నేనే తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

ఓరుగల్లు వైరింగ్:

తమ్ముడూ, నేను వరంగల్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ని, 22 ఏళ్లుగా ఇదే పని. ముందు రేడియేటర్ సంగతి పక్కన పెట్టు, దానికి ఒక్క రూపాయి కూడా పెట్టకు. బండి పరుగెత్తుతున్నప్పుడు గాలి దానంతట అదే గ్రిల్‌లోంచి వచ్చి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ గాలిని ఫ్యాన్ లాగాలి. రేడియేటర్ లోపల పట్టేసినా, వాటర్ పంపు బలహీనపడినా ముందు హైవే మీద, లోడు మీద హీట్ ఎక్కుతుంది. నీది సరిగ్గా దానికి రివర్స్. ఆగినప్పుడు ఏసీ కూడా వేడెక్కుతోందన్నావు చూడు, రేడియేటర్ ముందు ఉండే ఏసీ కండెన్సర్‌కీ గాలి అందడం లేదన్నమాట. రెండు లక్షణాలూ ఫ్యాన్ వైపే చూపిస్తున్నాయి.

ఇక డైరెక్ట్ ఇస్తే తిరిగింది కాబట్టి మోటారు మంచిదే అనడం నేను ఒప్పుకోను. ఆ క్షణానికి తిరిగింది, అంతే. మోటారు లోపల కరెంట్ అందించే కార్బన్లు (బ్రష్‌లు) అరిగిపోయి, వెనక స్ప్రింగు వాటిని సరిగా తొయ్యలేని స్థితికి వస్తే, ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) ఆగిన చోటుని బట్టి ఒకసారి కరెంట్ అందుతుంది, ఒకసారి అందదు. ఇంజన్ వేడికి ఇంకా ముదురుతుంది. షాపులో చల్లని బండి మీద పదిసార్లు తిరిగిన మోటారు సిగ్నల్ దగ్గర మొరాయించడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను.

కాబట్టి నువ్వు తేల్చాల్సింది ఒక్కటే: ఫ్యాన్ తిరగాల్సిన సమయంలో తిరగకుండా ఉన్నప్పుడు, దాని కప్లర్ (మోటారుకి వైర్లు కలిపే ప్లగ్గు) దాకా కరెంట్ వస్తోందా లేదా. బండి చల్లగా ఉన్నప్పుడు చేసే ఏ టెస్టూ దీనికి జవాబు చెప్పదు.

పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి, రెండు వైర్లు తీసుకో. మీటర్ వద్దు, ఎందుకంటే మీటర్ కరెంట్ లాగదు, కాలిపోయిన వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. 55 వాట్ల బల్బు దగ్గర దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది, వైరులో బలం లేకపోతే గుడ్డిగా వెలుగుతుంది. ఇంటి ముందు ఖాళీ చోట బండి స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలెయ్. చాలా పెట్రోల్ బండ్లలో కూలెంట్ (రేడియేటర్ నీళ్లు) 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఫ్యాన్ ఆన్ అవుతుంది. ముల్లు సగం దాటినా ఫ్యాన్ కదలకపోతే అప్పుడు మోటారు కప్లర్ ఊడదీసి, ఇంజన్ వైరింగ్ వైపు ఉన్న రెండు పిన్నులకు బల్బు పెట్టు. వెలుగు ఫుల్‌గా వస్తే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంట్ ఆన్ చేసే ఎలక్ట్రిక్ స్విచ్), సెన్సార్, ఎర్త్ అన్నీ పని చేస్తున్నట్టే, తప్పు మోటారుది లేదా కప్లర్‌ది. కప్లర్ ప్లాస్టిక్ పసుపుగానో గోధుమ రంగులోనో మాడి ఉందేమో చూడు. తర్వాత కప్లర్ మళ్లీ పెట్టేసి, పొడవైన కర్రతో మోటారు వెనక మెల్లగా రెండు దెబ్బలు కొట్టు. తిరిగిందా, కార్బన్లు అయిపోయాయి.

బల్బు వెలగకపోతే వెనక్కి వెతుక్కుంటూ పో. ఫ్యూజు తీసి తీగ ఒక్కటే కాదు, కాళ్లు కూడా చూడు, వేడికి నల్లబడి వదులవుతాయి. చాలా బండ్లలో హారన్ రిలే, ఫ్యాన్ రిలే ఒకే నంబరు ఉంటాయి, నంబరు ఒకటే అయితే మార్చి పెట్టి చూడు. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు గీకి బిగించు. ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) ఫ్యాన్‌ని నడిపే బండి అయితే ఇంజన్ ఆన్‌లో ఉండగా కూలెంట్ సెన్సార్ కప్లర్ తీసెయ్, చాలా బండ్లలో ఈసీఎం భయపడి ఫ్యాన్‌ని వెంటనే తిప్పేస్తుంది, చెక్ లైటు కూడా వస్తుంది. అలా తిరిగితే రిలే, వైరింగ్ బాగున్నాయి, సెన్సార్‌ది తేడా లేదా సెన్సార్ దగ్గర నీళ్లు లేక గాలి నిలబడింది అని.

రెండు జాగ్రత్తలు. వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లో తిప్పొద్దు. 0.9 బార్ ఒత్తిడిని ఆపే మూత ఉంటే లోపల నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి, మూత వదులు చేసిన మరుక్షణం ఆవిరై మొహం మీదకొస్తాయి. రెండోది, కొన్ని బండ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. చెయ్యి, తువ్వాలు, పొడుగు చేతులు ఏవీ రెక్కల దగ్గరకి పోనివ్వకు.

నంద్యాల రోడ్డు:

నేను నాలుగేళ్ల కింద స్విచ్ పెట్టించుకున్నా, ఇప్పటిదాకా ఇబ్బంది లేదు. సిగ్నల్ దగ్గర ఆన్ చేస్తా, కదిలాక ఆపేస్తా. ఇంత టెస్టింగ్ అవసరమా అండీ? పాత బండికి సింపుల్‌గా పోవడమే మంచిది.

ఓరుగల్లు వైరింగ్:

మీ బండిలో మోటారు బాగుండి సెన్సారో రిలేనో పోయి ఉంటుంది, అందుకే స్విచ్ పనిచేసింది. ఈ తమ్ముడి బండిలో మోటారే పోతుంటే స్విచ్ వేసినా అది సిగ్నల్ దగ్గర ఇలాగే ఆగిపోతుంది, ఘాట్ మీద ఆగితే ఏం చేస్తాడు? ఇంకోటి, రిలే లేకుండా పది ఆంపియర్లు స్విచ్‌లోంచి నేరుగా పంపిస్తే స్విచ్ వెనక వైరు కరిగిపోతుంది, అది డ్యాష్‌బోర్డు లోపల జరుగుతుంది. స్విచ్ కావాలనుకుంటే ఒరిజినల్ వైరింగ్ కొయ్యకుండా, వేరే రిలే, వేరే ఫ్యూజుతో పెట్టించుకోండి. మీది ఒకసారి విప్పి చూడండి, ఫ్యూజు ఉందో లేదో.

రాజంపేట టు కువైట్:

అన్నా, నేను కువైట్‌లో డ్రైవర్‌ని, ఇక్కడ ఎండాకాలం 50 డిగ్రీలు మామూలు. పైన అన్న చెప్పిందే కరెక్ట్, నేను ఒక్కటి కలుపుతా. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో చూడు. పాత బండిలో అక్కడ దుమ్ము, పురుగులు, ఎండుటాకులు పరుపులా పేరుకుని ఉంటాయి, ముందు నుంచి కనపడవు. ఫ్యాన్ బాగు చేసినా ఆ మట్టి ఉంటే సగం ఫలితమే. ఇంజన్ చల్లారాక లోపలి వైపు నుంచి మామూలు పైపుతో నీళ్లు కొట్టు, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

బాగయ్యే లోపల ట్రాఫిక్‌లో ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేడి మీద, బ్లోయర్ ఫుల్ స్పీడు మీద పెట్టు, అద్దాలు దించేయ్. లోపల చెమటలు కారతాయి కానీ ఇంజన్ వేడి కొంత అటు నుంచి పోతుంది. అయినా ముల్లు ఎక్కుతూనే ఉంటే పక్కకి తీసి ఆపెయ్, ఇంజన్ మీద చల్లని నీళ్లు పొయ్యొద్దు.

బెజవాడ పాతబండి:

ఈ ఆదివారం చేశాను, రాయడం ఆలస్యమైంది, ముందుగా ఇద్దరన్నలకీ ధన్యవాదాలు.

మొదటిసారి ఐడిల్‌లో వదిలితే ఫ్యాన్ బుద్ధిగా ఆన్ అయి ఆగింది. నిరుత్సాహపడ్డాను. ఇంకోసారి చూశాను, మళ్లీ తిరిగింది. మూడోసారి ముల్లు సగం దాటింది, ఫ్యాన్ కదల్లేదు. వెంటనే కప్లర్ తీసి బల్బు పెట్టాను, కళ్లు చెదిరేలా వెలిగింది! కప్లర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి ఉంది. మళ్లీ కప్లర్ పెట్టి చీపురు కర్రతో మోటారు వెనక కొట్టాను, రెండో దెబ్బకి తిరిగింది. పక్కనే ఉన్న అమ్మ ‘మీ నాన్న కూడా ఒక్కోసారి ఇలాగే కొట్టేవాడు రా’ అంది. అంటే ఈ జబ్బు ఎప్పటి నుంచో ఉందేమో.

సోమవారం ఆటోనగర్ తీసుకెళ్లి మోటారు విప్పించాను. ఒక కార్బన్ చిన్న పలుకంత మిగిలింది, అది రాసుకునే కమ్యుటేటర్ నల్లగా గాడి పడి ఉంది. కార్బన్లు మాత్రం వేస్తామన్నారు కానీ షాఫ్ట్ పట్టుకుని ఊపితే బుష్‌లో ఆట (వదులు) కనిపించింది, అందుకని మోటారు, దాంతో పాటు కప్లర్ కొత్తవి వేయించాను. తీసేసిన థర్మోస్టాట్ కూడా కొత్తది పెట్టించాను. మధ్యలో సందు చూశాను, కువైట్ అన్న చెప్పినట్టే వేపాకులు, మట్టి గుప్పెడు వచ్చాయి.

ఓరుగల్లు వైరింగ్:

శభాష్. కొత్త మోటారు కప్లర్ మార్చినప్పుడు ప్లస్ మైనస్ తిరగబడితే ఫ్యాన్ రివర్స్‌లో తిరుగుతుంది, తిరుగుతోంది కదా అని ఎవరూ అనుమానించరు. ఫ్యాన్ ఆన్‌లో ఉన్నప్పుడు బండి ముందు గ్రిల్ దగ్గర ఒక పేపర్ ముక్క పట్టుకో. గ్రిల్‌కి అతుక్కుంటే సరి, ఎగిరి బయటికి వస్తే వైర్లు మార్చాలి. థర్మోస్టాట్ పెట్టించడం మంచి పని చేశావు, అది లేకపోతే ఇంజన్ పొద్దున్నే వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

బెజవాడ పాతబండి:

పేపర్ అతుక్కుంది అన్నా. నిన్న సాయంత్రం ఏసీ లేకుండా 40 నిమిషాలు ఐడిల్‌లో పెట్టి పక్కనే కూర్చున్నాను, ఫ్యాన్ వచ్చింది, ఆగింది, వచ్చింది, ముల్లు సగం దగ్గరే ఉంది. ఏసీ వేసి ఇంకో పావుగంట చూశాను, అమ్మ లోపల కూర్చుని చల్లగా వస్తోంది అంది. శుక్రవారం తెల్లవారుజామున శ్రీశైలం బయలుదేరుతున్నాం.

రాజంపేట టు కువైట్:

మంచిది అన్నా. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పుడు పై గేర్‌లో ఈడ్పించకు, రెండు, మూడు గేర్ల మీద ఇంజన్ కాస్త తిరుగుతూ ఉండాలి, అప్పుడే వాటర్ పంపు కూడా తిరుగుతుంది. పైకి చేరగానే టక్కున ఆపేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపు. బయలుదేరే ముందు రోజు రాత్రి, బండి పూర్తిగా చల్లారాక, కూలెంట్ ఒకసారి చూసుకో. కొత్త థర్మోస్టాట్ పెట్టాక లోపలి గాలి బయటికి వచ్చి మట్టం కొంచెం దిగుతుంది.