విదేశాల్లో కుటుంబంతో క్యాంపింగ్: నిజంగా చవకేనా?

నీలిగొడుగు:
వచ్చే వేసవిలో పిల్లల్ని (9, 5 ఏళ్లు) యూరప్ తీసుకెళ్లాలని చాలాకాలంగా అనుకుంటున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, వీలైతే మా అత్తయ్య. హోటల్ రేట్లు చూస్తే ధైర్యం చాలడం లేదు. టెంట్‌లో ఉంటే సగం ఖర్చుతో అయిపోతుందని ఒక స్నేహితురాలు చెప్పింది. చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

సంచారి77:
నిక్షేపంగా వెళ్లండి మేడమ్. మేం నాలుగుసార్లు వెళ్లాం. మూడుసార్లు ఫ్రాన్స్, ఒకసారి నార్వే. ఫ్రాన్స్‌లో చిన్న చిన్న ఊళ్లలో కూడా మున్సిపాలిటీ వాళ్లే నడిపే క్యాంప్‌సైట్లు ఉంటాయి. హంగులు ఉండవు. వేడినీళ్లు, బాత్రూములు, పిల్లలు పరిగెత్తడానికి చోటు ఉంటే మనకి చాలదా? సాధారణంగా టెంట్ జాగా, ఇద్దరు పెద్దవాళ్లు, ఒక కారు కలిపి ఒకే రేటు చెప్తారు, పిల్లలకి పైన కొంచెం కడతాం. రాత్రికి ఇంతని వేసే పర్యాటక పన్ను 18 ఏళ్ల లోపు వాళ్లకి లేదు. జూలై, ఆగస్టుల్లో వాళ్ల స్కూళ్లకి సెలవులు, రేట్లు మండిపోతాయి. జూన్ మొదట్లో వెళ్తే అదే జాగా బాగా తక్కువకి వస్తుంది.

నార్వేలో అయితే జాగాకి డబ్బే అక్కర్లేదు. 1957 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది. సాగులో లేని నేల మీద, మనుషులుండే ఇంటికి 150 మీటర్లు ఎడంగా, రెండు రాత్రుల దాకా ఎవర్నీ అడక్కుండా టెంట్ వేసుకోవచ్చు.

మూడోమెట్టు:
చవక అనేముందు గ్యాస్ సంగతి కూడా చెప్పండి. గ్యాస్ డబ్బాని విమానంలో చేతి సామానులోనూ రానివ్వరు, చెక్-ఇన్‌లోనూ రానివ్వరు. దిగాకే కొనాలి. మేం మర తిప్పి బిగించే స్టవ్ పట్టుకెళ్లాం. ఆ ఊళ్లో ఉన్న రెండు షాపుల్లోనూ నొక్కితే టక్కుమని పట్టే రకం డబ్బాలే ఉన్నాయి. రెండు రోజులు పొయ్యి వెలగలేదు. మిగిలిందనుకున్న డబ్బు హోటల్ భోజనాలకే పోయింది.

సంచారి77:
దానికి చిన్న అడాప్టర్ దొరుకుతుందండీ. ఒక్క డబ్బా కోసం మొత్తం ట్రిప్పే దండగ అంటే ఎలా?

మూడోమెట్టు:
అడాప్టర్ ఉంటుందని ముందే తెలిసినవాళ్లకి అన్నీ చవకే. తెలియనివాళ్లకి లెక్క వేరు. ఆవిడ మొదటిసారి వెళ్తున్నారు.

వానచినుకు:
నార్వే రూల్ చూసి అన్ని దేశాలూ అంతే అనుకోకండి. స్కాట్లాండ్‌లో 2003 చట్టం అలాంటి హక్కే ఇచ్చింది, కానీ లాక్ లోమండ్ సరస్సు ఒడ్డున కొన్ని చోట్ల మార్చి నుంచి సెప్టెంబర్ దాకా పర్మిట్ ఉండాలి. ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ ప్రాంతం తప్పిస్తే, స్థలం యజమాని ఒప్పుకోకుండా టెంట్ వేయకూడదు.

పాతసూట్‌కేసు:
మీ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా (ఫ్రాన్స్, నార్వేతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే ఇచ్చేది) కావాలంటే ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, మీ పెద్ద పిల్లకో పిల్లాడికో 45, ఆరేళ్ల లోపు కాబట్టి చిన్నవాళ్లకి లేదు. ఎక్కడ ఉంటారో కాగితం అడుగుతారు. అడవిలో ఎక్కడో ఒకచోట అంటే కుదరదు. క్యాంప్‌సైట్ బుకింగ్ పెట్టండి.

సంచారి77:
మంచి మాట చెప్పారు. చూశారా, ఇవన్నీ పరిష్కారం ఉన్న సమస్యలే. నలుగురికి లెక్కేస్తే ఇంతకన్నా తక్కువలో అయ్యే దారి లేదు.

మూడోమెట్టు:
నలుగురా? ఆవిడ ఐదుగురని రాశారు. మొదటి పోస్టు మళ్లీ చదవండి. అత్తయ్యగారిని మీరు లెక్కలోంచి ఎప్పుడు తీసేశారు?

సంచారి77:
వీలైతే అన్నారు కదా. నిన్నటిదాకా గ్యాస్ అన్నారు, ఇప్పుడు ఇదా? మీకు క్యాంపింగ్ ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి.

మూడోమెట్టు:
సరే, చెప్తాను. ఆ ట్రిప్పుకి మా అమ్మని తీసుకెళ్లాం. 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. గాలి పరుపు అర్ధరాత్రికల్లా దిగిపోయి వీపుకి నేల తగిలేది. పొద్దున లేవడానికి ముందు పక్కకి ఒత్తిగిలి, చేతుల మీద బరువు వేసి, మోకాళ్ల మీదకి వచ్చి, అక్కణ్ణుంచి పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. టెంట్ కర్ర పట్టుకుంటే వంగిపోయేది. రాత్రిపూట బాత్రూముకి అంత దూరం నడవాలని మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు తాగడం మానేసింది. నాకు మూడో రోజుకి గానీ తెలియలేదు. మాతో ఒక్క మాట అనలేదు. ఎవరు అడిగినా నేను స్టవ్ సంగతే చెప్తాను, ఇది చెప్పడానికి నోరు రాదు.

సంచారి77:
బాధగా ఉందండీ. కానీ నా వైపు కూడా వినండి. మా నాన్నగారు నడవలేరు. మేం చూసుకున్నది టెంటా హోటలా అని కాదు, టెంటా అసలు వెళ్లకపోవడమా అని. ఆయన్ని కూడా సుఖంగా తీసుకెళ్లేంత డబ్బు కూడేదాకా ఆగితే మా అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయేది. ఆయనే మమ్మల్ని వెళ్లి రమ్మన్నారు.

మూడోమెట్టు:
వెళ్లి రమ్మనే అంటారు. పెద్దవాళ్లు ఇంకేమంటారు?

సంచారి77:
ఆ మాట మీరు అనకూడదు. మా ఇంట్లో ఆయన ఏ మనసుతో అన్నారో మీకు తెలియదు. వచ్చాక ప్రతి ఫొటో ఆయన పక్కన కూర్చుని చూపించాను.

వానచినుకు:
ఇద్దరూ కాస్త తగ్గండి. పెద్ద క్యాంప్‌సైట్లలో మొబైల్ హోమ్‌లు అద్దెకిస్తారు. మంచాలు, లోపలే బాత్రూము, పొయ్యి అన్నీ ఉంటాయి. టెంట్ కన్నా ఖర్చు ఎక్కువే, కానీ ఐదుగురికి రెండు హోటల్ గదులతో పోల్చి చూడండి.

సంచారి77:
పిల్లలకి టెంట్‌లో పడుకున్న ఆనందం అందులో రాదు.

మూడోమెట్టు:
దాని పక్కనే చిన్న టెంట్ వేయనిస్తారేమో అడగమనండి. పిల్లలు అందులో పడుకుంటారు.

నీలిగొడుగు:
అందరికీ థాంక్స్. ఇదంతా చదివాక నిన్న రాత్రి అత్తయ్యని అడిగాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా మేం అడగనే లేదు, మాలో మేమే వీలైతే అనుకున్నాం. వస్తానన్నారు. రాత్రి బాత్రూము ఎంత దూరం అని ఒక్కటే అడిగారు. మొబైల్ హోమ్ జూన్ మొదటి వారానికి చూస్తున్నాం. వారం అనుకున్నది ఐదు రోజులు చేయాల్సి వస్తుంది. మూడోమెట్టు గారూ, గుమ్మం దగ్గర మెట్లు ఎత్తుగా ఉంటాయా? ఫొటోల్లో సరిగ్గా కనపడటం లేదు.