పాత పెట్రోల్ గోల్ఫ్ కార్ట్: పెడల్ తొక్కితే ‘టక్’ అంటోంది, ఇంజన్ తిరగట్లేదు

మొయినాబాద్ తోట:
ఫామ్‌హౌస్‌లో తిరగడానికి వాడే క్లబ్ కార్ డీఎస్, పెట్రోల్ బండి. 1990ల మోడల్, కవాసాకి ఎఫ్ఈ290 సింగిల్ సిలిండర్ ఇంజన్. పోయిన వానాకాలం నుంచి షెడ్డులోనే పడుంది. తాళం ఆన్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే సీటు కింద ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. కారు నుంచి జంపర్ కేబుళ్లు పెడితే బానే తిరిగి స్టార్టయింది కానీ రెండు నిమిషాలకు ఆగిపోయింది. చూసిన మెకానిక్ స్టార్టర్ మార్చాలంటున్నాడు. ఇక్కడ దొరకదు, బయటి నుంచి తెప్పించాలట. ఇంట్లో ఏమైనా చూసుకోవచ్చా? మల్టీమీటర్, స్పానర్ సెట్ ఉన్నాయి.

స్పానర్ అన్న:
స్టార్టర్ ఆర్డర్ పెట్టకండి సార్. జంపర్ పెడితే తిరిగిందంటే స్టార్టర్ బతికే ఉంది. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. టక్‌మని ఆగడం కరెంటు సంగతి. స్టార్టయి ఆగిపోవడం దాదాపుగా పెట్రోల్ సంగతి. రెండూ కలిపి చూస్తే బుర్ర వేడెక్కుతుంది. ముందు కరెంటు తేల్చండి.

ఈ బండికి కారులా విడిగా స్టార్టర్ మోటార్, విడిగా ఆల్టర్నేటర్ ఉండవు. బెల్టు మీద తిరిగే ఒకే యూనిట్ రెండు పనులూ చేస్తుంది. దాన్ని స్టార్టర్ జనరేటర్ అంటారు. పెడల్ తొక్కగానే మైక్రోస్విచ్ కలుస్తుంది, అది సోలినాయిడ్‌ను లాగుతుంది, సోలినాయిడ్ బ్యాటరీ కరెంటును స్టార్టర్‌కు పంపుతుంది. ఇంజన్ అంటుకున్నాక అదే యూనిట్ బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. పెడల్ వదిలితే ఇంజన్ ఆగిపోతుంది. అంటే ఆగిన ప్రతిసారీ మళ్లీ సెల్ఫే. అందుకే కారులో కొన్నాళ్లు నెట్టుకొచ్చే వదులు కేబుల్ ఈ బండిలో వెంటనే మొండికేస్తుంది.

చేయి పెట్టే ముందు: ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు, వెనక చక్రాలు రెండూ నేలకు తగలకుండా స్టాండ్ల మీద. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. లివర్ పొరపాటున ఫార్వర్డ్‌లో ఉండి పెడల్ తగిలితే బండి మీ మీదికే వస్తుంది. డీఎస్‌లో లివర్ దగ్గర సర్వీసు కోసం న్యూట్రల్ లాకవుట్ (ఇంజన్ తిరిగినా బండి కదలకుండా ఆపే ఏర్పాటు) కూడా ఉంటుంది, అది పెట్టుకోండి. కేబుళ్లు విప్పేటప్పుడు మొదట నెగటివ్ తీయాలి, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున. ఇంజన్ నడిపితే షెడ్డు తలుపులు బార్లా తెరవండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి ఈ వరసలో చూడండి. పెడల్ ఇంకొకరు తొక్కాలి, ఒక్కోసారి నాలుగైదు సెకన్లే.

1. బ్యాటరీ రెండు పోస్టుల మధ్య, ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉండాలి. పెడల్ తొక్కినప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ పోయినట్టే. ఒకటి గుర్తుంచుకోండి: టక్‌మని ఊరుకుని, వోల్టేజీ కూడా పెద్దగా పడకపోతే, కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోందని అర్థం.

2. సోలినాయిడ్ రెండు పెద్ద స్టడ్‌ల మధ్య. తొక్కకముందు 12 చూపిస్తుంది, అది మామూలే. తొక్కాక దాదాపు సున్నాకి రావాలి. టక్‌మన్నాక కూడా 12 అలాగే ఉంటే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. 12 వోల్టుల సోలినాయిడే తీసుకోండి. ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్ట్‌వి 36, 48 వోల్టులవి వస్తాయి, అవి పనికిరావు.

3. బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి స్టార్టర్ మీది పెద్ద స్టడ్‌కు, తొక్కినప్పుడు. అర వోల్టు లోపు ఉండాలి.

4. బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి ఇంజన్ బాడీకి, తొక్కినప్పుడు. 0.2, మహా అయితే 0.3.

మీటర్ ముల్లు బ్యాటరీ సీసం పోస్టు మీదే పెట్టాలి, క్లాంపు మీద కాదు. క్లాంపుకీ పోస్టుకీ మధ్య తెల్ల బూజు ఉంటే తేడా అక్కడే తేలుతుంది.

ఇంతకీ జంపర్ నల్ల క్లిప్పు ఎక్కడ తగిలించారు?

మొయినాబాద్ తోట:
ఇంజన్ బోల్టుకు. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వలు వద్దని. రీడింగులు ఇవి: ఊరికే 12.5, తొక్కితే 11.7. రెండోది 0.1. మూడోది 0.3. నాలుగోది 4.6!

స్పానర్ అన్న:
దొరికింది. జంపర్‌తో తిరగడానికి కారణం కారు బ్యాటరీ కాదు, మీ నల్ల క్లిప్పు. పాడైన ఎర్త్ కేబుల్‌ను, అంటే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు వెళ్లేదాన్ని, పక్కన పెట్టి కరెంటు నేరుగా ఇంజన్‌కు వెళ్లింది. ఈ ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. ఎర్త్ కేబుల్ సరిగా లేకపోతే చాసిస్ ద్వారా దానికి వేరే గట్టి దారి లేదు.

కేబుల్ పైకి బాగానే కనిపిస్తుంది. లగ్ (కేబుల్ చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క) దగ్గర రబ్బరును ఒక అంగుళం చీరి చూడండి. రాగి పోగులు పచ్చగా, పొడిపొడిగా రాలుతుంటే లగ్ మార్చి లాభం లేదు, కేబులే కొత్తది వేయాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెల్డింగ్ కేబుల్ అడగండి, 25 చదరపు మిల్లీమీటర్ల రాగిది. అల్యూమినియం అంటగడతారు, కోసిన చివర చూసి తీసుకోండి. లగ్‌లు అక్కడే హైడ్రాలిక్ క్రింపింగ్ చేయించండి. సుత్తితో నొక్కిన లగ్ వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే పాట పాడుతుంది. ఇంజన్ మీద లగ్ కూర్చునే చోట రంగు, తుప్పు గీకి మెరిసే లోహం కనబడాలి. బిగించాక పైన వాసెలిన్. పాజిటివ్ కేబుల్‌కూ అదే వయసు, చేతనైతే దాన్నీ మార్చేయండి.

ఇదే సమస్యతో ఇక్కడికి వచ్చే వేరేవాళ్లకు: టక్ కూడా వినబడకపోతే దారి వేరు. ఎలక్ట్రికల్ బాక్సులో ఫ్యూజు, తర్వాత తాళం స్విచ్, తర్వాత పెడల్ మైక్రోస్విచ్. సోలినాయిడ్ చిన్న టెర్మినళ్ల మధ్య పెడల్ తొక్కినప్పుడు 12 వస్తూ కూడా టక్ లేకపోతే సోలినాయిడ్ కాయిల్ పోయింది. 12 రాకపోతే వెనక్కి ఒక్కో స్విచ్ చూసుకుంటూ వెళ్లాలి.

కార్బురేటర్ కాకా:
కరెంటు సంగతి అన్న తేల్చిండు. ఇగ పెట్రోల్ సంగతి. వానాకాలం నుంచి ట్యాంకుల ఉన్న పెట్రోల్‌ను మొత్తం పారబోయాలె, కొత్తది కలిపి నడుపుదామంటే నడవదు. ఇప్పుడు బంకుల దొరికేది ఈ20, అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్. అది గాలిల తేమను గుంజుతది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగుతయి, పైప్ గుంజేది అడుగు నుంచే. ఒక గాజు సీసల తీసి గంటసేపు కదలకుండ పెట్టుండ్రి. అడుగున వేరే పొర కనబడితే అదే. వార్నిష్ వాసన వస్తే అడగనే అక్కర్లే.

ముందుగాల ఒక చిన్న పరీక్ష. బండి ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత విప్పుండ్రి. ‘స్స్’ మని గాలి లోపలికి పోయి, బండి మల్ల నడిస్తే మూతల గాలి రంధ్రం మూసుకుపోయింది. కార్బురేటర్ ముట్టకుండనే పని అయిపోతది.

అది కాకపోతే పైపులు. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు. ఫ్యూయల్ ఇంజెక్షన్ గ్రేడ్ రబ్బర్ హోస్ తీస్కోండ్రి, ఇథనాల్‌కు అదే ఆగుతది. చూడనీకి బాగుంటదని తెల్ల ప్లాస్టిక్ ట్యూబ్ వేస్తరు, కొన్ని నెలలకే గట్టిపడి పగుల్తది. కింద వేడి ఇంజన్, ఆలోచించుండ్రి. ఫిల్టర్లు రెండు ఉంటయి, పంపుకు ముందొకటి, కార్బురేటర్‌కు ముందొకటి. చాలామంది ఒకటే మారుస్తరు.

పంపుకు కరెంటు లేదు. క్రాంక్‌కేసుల పిస్టన్ పైకి కిందికి పోతుంటే వచ్చే ఒత్తిడితోని లోపలి డయాఫ్రం ఊగుతది. దానికి మూడు పైపులు: ట్యాంకు నుంచి ఒకటి, కార్బురేటర్‌కు ఒకటి, క్రాంక్‌కేసు నుంచి పల్స్ పైప్ ఒకటి. ఆ మూడోదాన్ల సన్న పగులున్నా పెట్రోల్ ఎక్కదు. పల్స్ పైప్ పీకి చూస్తే లోపల పెట్రోల్ తడి ఉందా, డయాఫ్రం చినిగింది, పంపు మార్చాలె.

కార్బురేటర్ విప్పేటప్పుడు: ట్యాంకు వాల్వు బంద్, బ్యాటరీ నెగటివ్ తీసి, బయట గాలిల. లింకేజీలు విప్పకముందు ఫోన్‌ల ఫొటో. పైలట్ స్క్రూను మెల్లగ లోపలికి తిప్పుకుంట ఎన్ని చుట్లకు కూర్చుంటదో లెక్క రాసుకుని అప్పుడు తియ్యాలె. తిరిగి బిగించేటప్పుడు గంతే. ఫ్లోట్ బౌల్ అడుగున పచ్చ పొడి, జిగురు ఉంటది. మెయిన్ జెట్ (పెట్రోల్ పోయే రంధ్రమున్న ఇత్తడి ముక్క)ల నుంచి వెలుతురు చూస్తే గుండ్రంగ కనబడాలె. అసలు దొంగ పైలట్ జెట్, దాని రంధ్రం వెంట్రుకంత. కార్బ్ క్లీనర్ కొట్టి ఒక గంట వదిలి, ఎలక్ట్రిక్ వైర్‌ల ఒక్క రాగి పోగుతోని పొడిచి, గాలి కొట్టుండ్రి. గుండుసూది, స్టీల్ తీగ పెట్టొద్దు. ఇత్తడి మెత్తగుంటది, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇగ పనికిరాదు. ఓ-రింగులు, ఫ్లోట్ నీడిల్ (బౌల్ నిండినంక పెట్రోల్‌ను ఆపే సూది) క్లీనర్ల నానబెట్టొద్దు, ఉబ్బుతయి.

ఇంకొకటి, దీన్ని ఎవ్వరూ చూడరు. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడుండ్రి. ఫ్లోట్ నీడిల్ కారుతుంటే పెట్రోల్ సిలిండర్‌లకు దిగి ఆయిల్‌ల కలుస్తది. మట్టం గీత దాటి, పెట్రోల్ వాసన వస్తే ఇంజన్ తిప్పనే వద్దు, ముందు ఆయిల్ మార్చాలె. 10డబ్ల్యూ-30 సరిపోతది, దాదాపు లీటర్. కొద్దికొద్దిగ పోసి డిప్‌స్టిక్ చూసుకుంట నింపుండ్రి. ఎక్కువైతే బ్రీదర్ పైప్ నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలకు ఎగజిమ్ముతది, తెల్లపొగ లేస్తది. రింగులు పోయినయని భయపడి ఇంజన్ విప్పేటోళ్లు ఉన్నరు, ఆయిల్ తగ్గిస్తే తేలిపోయే పని.

శంషాబాద్ మామిడి:
ఫ్యాన్ కవర్ కూడా విప్పి చూడమనండి. ఈ ఇంజన్‌కు రేడియేటర్ లేదు, ఫ్యాన్ గాలే చల్లబరచాలి. తోటల్లో పెట్టిన బండ్లలో ఎలుకలు కవర్ లోపల ఎండుగడ్డి, గోనెపీచు కూరి గూడు కడతాయి. రెక్కల మధ్య అది ఇరుక్కుంటే ఇంజన్ మాడిపోతుంది. అక్కడి కిల్ వైరు (స్పార్క్ ఆపి ఇంజన్‌ను ఆపే వైరు) తోలు కూడా కొరికేస్తాయి. వైరు బాడీకి తగిలితే స్పార్క్ ఉండదు.

స్పానర్ అన్న:
మంచి మాట. స్పార్క్ లేకపోతే ఇగ్నిషన్ యూనిట్ నుంచి వచ్చే కిల్ వైరు కనెక్టర్ విప్పి చూడండి. విప్పితే స్పార్క్ వచ్చిందంటే యూనిట్ బాగుంది, తప్పు స్విచ్ వైపో, ఆర్పీఎం లిమిటర్‌లోనో (ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపేది) ఉంది. ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ఈ పరీక్ష చుట్టుపక్కల పెట్రోల్ వాసన పూర్తిగా పోయాకే.

మొయినాబాద్ తోట:
ఎర్త్ కేబుల్ మార్చాను, ఒక్క తొక్కుకే గిర్రున తిరుగుతోంది. పల్స్ పైపు చీలి ఉంది, మార్చాను. జెట్లు శుభ్రం చేశాక ఆగకుండా నడుస్తోంది. ఇప్పుడు రెండు మిగిలాయి. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 12.3 మాత్రమే. పెడల్ వదలగానే సైలెన్సర్‌లో ‘ఢాం’ అంటోంది.

స్పానర్ అన్న:
ఛార్జింగ్: వేగంగా నడిచేటప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. ముందు స్టార్టర్ బెల్టు. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే అరంగుళానికి మించి దిగకూడదు. పక్కలు అద్దంలా మెరుస్తుంటే మార్చండి. బెల్టు బాగుంటే: చక్రాలు లేపి, న్యూట్రల్ లాకవుట్‌లో ఇంజన్ వేగంగా నడుపుతూ, జనరేటర్ మీద డీఎఫ్ అని రాసిన టెర్మినల్‌ను ఒక వైరుతో రెండు మూడు సెకన్లు ఎర్త్‌కు తాకించండి. వోల్టేజీ గబుక్కున పైకి లేస్తే జనరేటర్ బాగుంది, రెగ్యులేటర్ మార్చాలి. కదలకపోతే బ్రష్‌లు విప్పి చూడాలి. ఎక్కువసేపు తాకించి ఉంచొద్దు, అడ్డూ అదుపూ లేకుండా వోల్టేజీ పెరిగి బ్యాటరీ పాడవుతుంది. లూజు చొక్కా, కండువా బెల్టు దగ్గరికి రానివ్వకండి.

‘ఢాం’ సంగతి: పెడల్ వదిలినప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసుకున్నాకే స్పార్క్ ఆగాలి. మీ కేబుల్ బిగుతుగా ఉంది, థ్రాటిల్ కొంచెం తెరిచి ఉండగానే స్పార్క్ పోతోంది. కాలని పెట్రోల్ వేడి సైలెన్సర్‌లో అంటుకుంటోంది. కార్బురేటర్ దగ్గర కేబుల్ అడ్జస్టర్ కాస్త వదులు చేసి, పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు థ్రాటిల్ లివర్ దాని స్టాప్‌కు ఆనుతోందో లేదో చూడండి.

శంషాబాద్ మామిడి:
నా బండి ఎత్తులో గుంజుతూ వెళ్తుంది, డ్రైవ్ బెల్టు (ఇంజన్ నుంచి చక్రాల వైపు బలం పంపేది) మార్చాలి. రాణిగంజ్‌లో దొరుకుతుందా?

కార్బురేటర్ కాకా:
స్టార్టర్ బెల్టుకైతే పాతది చేతిల పట్టుకుని పోతే వెడల్పు, చుట్టుకొలత కొలిచి సరిపోయేది ఇస్తరు. డ్రైవ్ బెల్టుకు మాత్రం మామూలు వీ-బెల్టు వెయ్యొద్దు. క్లచ్ పలకలు దగ్గరికి, దూరం జరుగుకుంట గేరు మార్చినట్టు పని చేస్తయి, బెల్టు వెడల్పు, పక్కల వాలు తేడా ఉంటే జారుతది, లేకుంటే పలకలనే తినేస్తది. అసలుదే తెప్పించుండ్రి. కానీ ముందు క్లచ్ పలకలు చూడుండ్రి. నూనె, తుప్పు ఉంటే కొత్త బెల్టు వేసినా గట్లనే గుంజుతది. పొడిబట్టతోని, సన్న ఎమరీతోని శుభ్రం చెయ్యాలె, గ్రీజు అస్సలు పెట్టొద్దు.